పారిశ్రామికవేత్త లక్షణాల చార్టు గారికి

గౌరవనీయులైన చార్టు గారికి,

హనుమకొండలో ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణ జరిగే హాల్లో, ప్రొజెక్టర్ పక్క గోడకు మిమ్మల్ని మేకులు కొట్టి వేలాడదీశారు. పైన డేగ బొమ్మ. కింద కొండ కొమ్ము మీద చేతులు చాచి నిలబడ్డ కోటువాలా. మధ్యలో పది లక్షణాలు: సాహసం, దార్శనికత, నాయకత్వం, ఆత్మవిశ్వాసం, పట్టుదల... మిగతావి ఏసీ గాలికి మడతపడి కనిపించలేదు. వాటిలో పరిశీలనాశక్తి కూడా ఉండే ఉంటుంది. శిక్షణ అయ్యేదాకా ఆ మడతను ఒక్కరూ సరిచేయలేదు.

మిమ్మల్ని చూసి మావాళ్ళకు బాగా టెన్షన్ పట్టుకుంది. నా పక్కన కూర్చున్న పరకాల తమ్ముడు వేళ్ళ మీద లెక్కేసుకుని, "నాలో నాలుగే ఉన్నయన్నా" అన్నాడు. వెనకాల నుంచి ఎవరో "పది ఉన్నోడు లోన్ కోసం ఇక్కడెందుకు కూసుంటడు, ఎమ్మెల్యే టికెట్‌కు పోతడు గదా" అని ఓదార్చారు.

ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ లోన్ కోసం వచ్చినవాళ్ళే. మరీ చిన్న యూనిట్లకు తప్ప, ఆ లోన్ కావాలంటే శిక్షణ తప్పదు. పల్లెల్లో యూనిట్ పెట్టే మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 35 శాతం దాకా సబ్సిడీ వస్తుంది. కానీ ఆ డబ్బు చేతికి ఇవ్వరు. మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంచి, తర్వాత లోన్‌లో సర్దుతారు. ఇంత ముఖ్యమైన సంగతిని భోజనాల బెల్లు కొట్టాక నిలబడే చెప్పి ముగించారు. పొద్దంతా మీరే మాట్లాడారు కదా మరి.

మీ అడుగున "సింహం పుట్టుకతోనే సింహం" అని ఎర్ర అక్షరాల్లో రాశారు. మీ వంశ చరిత్ర మీకు తెలియదనుకుంటాను. మీ తాతగారి వరసకు వచ్చే డేవిడ్ మెక్లెలాండ్ హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రం చెప్పేవాడు. 1960ల్లో ఆయన హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు పది రోజుల శిక్షణ పెట్టించాడు. శిక్షణ తీసుకోనివాళ్ళతో పోలిస్తే వీళ్ళు కొత్త పనులు ఎక్కువగా మొదలుపెట్టారని, పెట్టుబడి కూడా పెంచారని తేలింది. అంటే ఈ పుట్టుక గోల మన తెలుగు గడ్డ మీదే తేలిపోయి అరవై ఏళ్ళవుతోంది. ఆ మాట మీదాకా రాలేదు.

సాహసం గురించి కూడా ఆయన దగ్గర మంచి ముచ్చట ఉంది. కొందరి చేతికి రింగులిచ్చి, మేకు మీద పడేలా వేయమన్నారు, ఎంత దూరం నుంచి వేస్తారో మీ ఇష్టం అన్నారు. గెలవాలన్న తపన ఎక్కువగా ఉన్నవాళ్ళు మేకు పక్కన నిలబడలేదు, గోడ దాకా కూడా పోలేదు. కష్టపడితే పడుతుందనిపించే నడిమి దూరం చూసుకుని నిలబడ్డారు. మీ కొండ కొమ్ము మీది కోటువాలాకు ఈ పరీక్షలో మార్కులు రావు.

ఇదే ఆట మేడారం జాతరలోనూ ఉంటుంది. సబ్బులు, స్టీలు గ్లాసులు పేర్చి రింగులు అమ్ముతారు. మనమంతా రింగు విసిరేవాళ్ళ వైపే చూస్తాం. తాడు ఎక్కడ కట్టాలో తేల్చుకున్నది మాత్రం దుకాణమాయన. దగ్గరగా కడితే సరుకు పోతుంది, దూరంగా కడితే గిరాకీ పోతుంది. మీ పది లక్షణాల్లో తాడు కట్టే విద్య ఏ నంబరు కింద వస్తుందో సెలవియ్యండి.

మా చిన్నమ్మది నర్సంపేట దగ్గరి ఊరు. పిండి గిర్ని నడుపుతుంది. ఎండాకాలం మొదలైతే అందరూ ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటారు. జొన్నలు ఆడించే గిర్నిలో మిర్చి వేస్తే తెల్లారి ఊరంతా కారం రొట్టెలు తినాలి కనుక దానికి వేరే మెషిన్ కావాలి. చిన్నమ్మ వెంటనే మెషిన్ కొనలేదు. మొదటి ఏడు ఊళ్ళోవాళ్ళ ఎండుమిర్చి పోగుచేసి, ఆటోలో వరంగల్ పంపి పట్టించి, కిలోకింత అని తీసుకుంది. ఏ ఇంటి నుంచి ఎన్ని కిలోలొస్తాయో అట్లా తెలిసింది. తర్వాతి ఏడు పాత మెషిన్ ఒకటి బేరమాడింది, సీజన్ నడవకపోతే వెనక్కి తీసుకోవాలన్న షరతు మీద. అమ్మినాయన గొణిగాడు, ఒప్పుకున్నాడు. "రిస్క్ తీసుకుంటారా మేడమ్?" అని మీ ట్రైనర్ అడిగితే ఆమె లేదనే చెబుతుంది. ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: "మునిగితే ఎంత మునుగుత?"

కంపెనీలు పెట్టి తలపండిన 27 మందిని ఒకే సమస్య మీద ఆలోచింపజేసి, సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 2001లో తన సిద్ధాంతం ప్రకటించింది. వాళ్ళు ఎంత వస్తుందన్న అంచనా దగ్గర మొదలుపెట్టరట. ఎంత పోయినా తట్టుకోగలమో ముందు చూసుకుంటారు. చేతిలో ఏముంది, తెలిసినవాళ్ళెవరు అన్న లెక్కతో కదులుతారు. మా చిన్నమ్మ ఆ పేపర్ చదవలేదు. మీరూ చదవలేదు, కానీ మీరు హాల్లో వేలాడుతున్నారు.

ఇంకో సంగతి. మీ లక్షణాలన్నీ ఉన్న మనిషిని చూడాలంటే కొత్తవాడకు రండి. వరంగల్ దర్రీలకు, అంటే జంపఖానాలకు, 2018లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న) గుర్తింపు వచ్చింది. అవి నేసే పెద్దమనిషికి పట్టుదల ఉంది, ఓపిక ఉంది, చెయ్యి తిరిగిన పనితనం ఉంది. కానీ చాలా మగ్గాల మీద నూలు ఒకరిది, డిజైన్ ఒకరిది, అమ్మకం ఒకరిది. మగ్గం, నడుంనొప్పి మాత్రం ఆయనవి. ఆయనకు ఆత్మవిశ్వాసం మీద క్లాసు పీకితే ఏం లాభం? ఆయనకు లేనిది కొనేవాడి ఫోన్ నంబరు.

అన్నీ ఉన్నా బ్యాంకులో మేనేజర్ గారు "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడుగుతారు. పెళ్ళిచూపుల్లో మాత్రం ఆ ప్రశ్న రాదు. "బిజినెస్" అనగానే అమ్మాయి తరఫువాళ్ళు చాయ్ కూడా తాగకుండా లేస్తారు. ఆజంజాహి బట్టల మిల్లు 1930ల్లో నౌకరీ రుచి చూపించిన ఊరు ఇది. మిల్లు మూతపడినా ఆ రుచి పోలేదు.

నేర్పడం అసాధ్యమని నేను అనడం లేదు. ఆఫ్రికాలో టోగో దేశంలో 1,500 చిన్న వ్యాపారాలను మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు లెక్కలు, మార్కెటింగ్ లాంటి మామూలు శిక్షణ. ఇంకో గుంపుకు చొరవ శిక్షణ: ఎవరూ చెప్పకముందే పని మొదలుపెట్టడం, పక్కవాడికన్నా ముందు అవకాశం పసిగట్టడం, అడ్డం వచ్చినా వదలకపోవడం. మూడో గుంపుకు ఏమీ లేదు. 2017లో ఫలితాలు వచ్చాయి. చొరవ నేర్చినవాళ్ళ లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణతో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాళ్ళెవరికీ డేగ బొమ్మ అక్కర పడ్డట్టు లేదు.

అందుకని నా విన్నపం. మీరు ఒక పూట సెలవు తీసుకోండి. ఆ పూట మావాళ్ళను ఏనుమాముల మార్కెట్‌కో, వరంగల్ చౌరస్తాకో తోలండి. ఏ దుకాణం ఏ సరుకు లేక గిరాకీని వెనక్కి పంపుతోందో రాసుకుని రమ్మనండి. ఒక్క ఆర్డరు పట్టుకొచ్చినవాళ్ళకే బిర్యానీ అనండి, మిగతావాళ్ళకు పెరుగన్నం. పట్టుదల అప్పుడు కనిపిస్తుంది.

వెళ్ళే ముందు మీ కుడివైపు కింది మూల ఒకసారి చూసుకోండి. చిన్న అక్షరాల్లో ఒక ఫ్లెక్సీ షాపు పేరుంది. మిమ్మల్ని ప్రింట్ చేసింది ఆ అన్నే. పుట్టినరోజులు, ఎలక్షన్లు, శ్రద్ధాంజలులు, జాతరలు, దేని సీజన్ ఎప్పుడొస్తుందో ఆయనకు నోటికి వచ్చు. మీ బిల్లు ఇంకా రాలేదట, ఉద్దెర ఖాతాలోనే ఉన్నారు. వచ్చే బ్యాచ్ చార్టుకు మాత్రం సగం అడ్వాన్సు చేతిలో పడితేనే మెషిన్‌కు రోల్ ఎక్కిస్తానని చెప్పి పంపాడు.

ఇట్లు,
మీ ఎదుట రెండో వరసలో కూర్చున్న
ఔత్సాహికుడు