గది వేడి అంటే ఏ గది?

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్ పోయాక్ గురించి ఒక వ్యాసంలో, రెడ్ వైన్‌ని గది వేడిలోనే పోయాలని, పోయాక్‌కి గొర్రెపిల్ల మాంసం జోడీ అని రాశారు. మొదటి మాటకి ఒప్పుకోలేను. ఆ మాట ఫ్రాన్స్ ఇళ్లకు సెంట్రల్ హీటింగ్ రాకముందుది. ఆ గదులు చల్లగా ఉండేవి. పోయాక్ లాంటి బోర్డో బ్లెండ్‌కి, అంటే వేర్వేరు ద్రాక్షల వైన్లు కలిపినదానికి, 16-18 డిగ్రీలు కావాలి. మే నెలలో హైదరాబాద్ గదిలో 32 డిగ్రీల దగ్గర పోస్తే ముందు ఆల్కహాల్ ఘాటే ముక్కుకి కొడుతుంది. అందులోని కాబెర్నే సావిన్యోన్ ద్రాక్ష తెచ్చే బ్లాక్‌కరెంట్ పండు, దేవదారు వాసనలు, మెర్లో ద్రాక్ష ఇచ్చే మెత్తదనం దాని కింద అణిగిపోతాయి. సీసాని ఫ్రిజ్‌లో గంటన్నర ఉంచండి. తొందరైతే ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో పది నిమిషాలు చాలు, ఉత్త ఐసైతే ఆలస్యమవుతుంది. మరీ చల్లబడితే వగరు పెరిగి నాలుక పట్టేస్తుంది, కాసేపు గ్లాసులో వదిలేయండి. లేత వైన్‌ని రెండు గంటల ముందే డికాంటర్‌లోకి (వైన్ వంచుకునే గాజు కూజాలోకి) వంచాలి. ఇరవై ఏళ్లు దాటినదాన్ని మాత్రం ముందురోజే నిలబెట్టి, తాగబోయే ముందు దీపం వెలుగులో మెల్లగా వంచుతూ, మడ్డి సీసా మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి. పోయాక్ వైన్‌కి గొర్రెపిల్ల మాంసం జోడీ అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, మాంసంలోని ప్రోటీను, ఉప్పు కలిసి వగరుని లొంగదీస్తాయి. అదే మాంసం గుంటూరు కారంతో వండితే మాత్రం ఈ వైన్ వద్దు. కారం ఆల్కహాల్ మంటనీ, వైన్‌కి వగరునిచ్చే టానిన్ చేదునీ రెండింటినీ పెంచుతుంది. మిరియాలు, వెల్లుల్లి, ఉప్పు పట్టించి కాల్చిన మటన్ చాప్స్ అయితే చక్కగా కుదురుతుంది.