గ్రావెల్ సైకిల్‌ని మళ్లీ రేసుకే అప్పగించేస్తున్నాం

గ్రావెల్ సైకిళ్లు వచ్చిన కొత్తలో చాలామందికి ఒక ఆశ కలిగింది. వెడల్పు టైర్లు, కాస్త ఎత్తులో హ్యాండిల్ బార్, బ్యాగులు కట్టుకోవడానికి చోటు, తారు అయిపోయి కంకర మొదలైనా ఆగక్కర్లేని బండి. పోటీలతో సంబంధం లేని మనిషిని గుర్తుపెట్టుకుని కంపెనీలు ఇన్నాళ్లకు ఒక సైకిల్ చేశాయి అనుకున్నాం. తర్వాత ఏం జరిగిందో సైకిళ్ల సంగతులు గమనించేవాళ్లకు తెలుసు. అమెరికాలో కాన్సస్ కంకర రోడ్ల మీద 2006లో మొదలైన 200 మైళ్ల పందెం పెద్ద పేరు తెచ్చుకుంది, 2022లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఇటలీలో మొదటి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టింది, ఇప్పుడు ఖరీదైన గ్రావెల్ మోడల్ అంటే గాలిని చీల్చడానికి చదును చేసిన కార్బన్ గొట్టాలు, ఫ్రేమ్ లోపల దాచేసిన కేబుళ్లు, నడుం బాగా వంచి కూర్చోవాల్సిన కొలతలు. వెనక క్యారియర్ బిగించుకునే వీలు కూడా లేనివి బోలెడు.

నా మాట సూటిగా చెప్తాను. పందేలకు వెళ్లని మనిషి సైకిల్ కొనాలనుకుంటే మొదట చూడాల్సింది వెడల్పు టైర్లు పట్టే ఉక్కు ఫ్రేమ్ టూరింగ్ సైకిల్‌నే, అంటే సామాను కట్టుకుని దూరాలు తిరగడానికి చేసిన బండినే. దాన్ని ఏదో పాతకాలపు అభిరుచిలా మూలన పెట్టడం అన్యాయం.

ఉక్కు పక్షం వాళ్లు సాధారణంగా వాడే వాదన నేను వాడను. ఉక్కు మెత్తగా ఉంటుంది, గతుకుల్ని మింగేస్తుంది అంటారు. రెండు త్రిభుజాలు కలిపి కట్టిన ఫ్రేమ్ ఏ లోహంతో చేసినా నిలువుగా వంగేది చాలా తక్కువ. గతుకుల్ని మింగేది టైరు. ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ ఇంజనీరు ఎప్పుడో లెక్క చెప్పాడు: బరువు పడ్డప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం కుంగేలా గాలి పట్టించాలి అని. 25 మిల్లీమీటర్ల టైరులో అది 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, 45 మిల్లీమీటర్ల టైరులో దాదాపు 7. దీని ముందు లోహాల గురించి జరిగే చర్చంతా చిన్నదే. సుఖం మొదట టైరులో ఉంది, తర్వాత మనం కూర్చునే తీరులో ఉంది.

మరి ఉక్కు ఎందుకు? ఆ రెండింటినీ మన ఒంటికి తగ్గట్టు అమర్చుకునే స్వేచ్ఛ ఉక్కు ఇచ్చినంతగా ఇంకేదీ ఇవ్వదు కాబట్టి.

కార్బన్ ఫ్రేమ్‌కి ప్రతి సైజుకీ ఒక అచ్చు కావాలి, అచ్చు ఖరీదైనది, అందుకే ఐదారు సైజుల్లో కోట్లమందిని సర్దేస్తారు. పైగా చాలా కంపెనీలు చిన్న ఫ్రేమ్‌కీ పెద్ద ఫ్రేమ్‌కీ వెనక చైన్‌స్టే (పెడళ్ల ఇరుసు దగ్గర్నుంచి వెనక చక్రం దాకా పోయే గొట్టం) ఒకే పొడవు పెడతాయి. పొట్టివాళ్లకి మలుపు తిరిగేటప్పుడు కాలివేళ్లు ముందు చక్రానికి తగులుతుంటే అది వాళ్ల ఖర్మ అన్నట్టు వదిలేస్తారు. ఉక్కుతో పని వేరు. గొట్టాలు కోసి, అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చునేలా ఆకురాయితో రాకి, జిగ్ అనే పట్టు చట్రంలో బిగించి అతికించడమే, కాబట్టి ఒక మనిషి కోసం ఒక్క ఫ్రేమ్ చేయడం ఇక్కడ సాధ్యం. కాళ్లు పొడుగ్గా, నడుం పొట్టిగా ఉన్నవాళ్లకి పై గొట్టం తగ్గిస్తారు. వెనక బ్యాగులు వేసుకునేవాళ్లకి మడమలు తగలకుండా చైన్‌స్టే 450 మిల్లీమీటర్లు దాటిస్తారు. పొట్టివాళ్లకి మామూలు 700సీ చక్రాల బదులు కాస్త చిన్నవైన 650బీ చక్రాలకు సరిపడా ఫ్రేమ్ కడితే వేళ్లు తగిలే సమస్యే పోతుంది. పైగా ఉక్కు బలం వల్ల గొట్టాలు సన్నగా ఉంటాయి, సన్నగా ఉన్నాయి కాబట్టి చైన్‌స్టేల మధ్య వెడల్పు టైరుకీ దానిమీద మడ్‌గార్డుకీ చోటు దొరుకుతుంది.

ఆ గొట్టాల్ని కాస్త దగ్గరగా చూడండి. పైకి ఒకే మందం అనిపిస్తాయి. లోపల మాత్రం రెండు చివర్లా 0.8 మిల్లీమీటర్లు, మధ్యలో 0.5 ఉండటం మామూలు. అతుకు దగ్గర వేడీ ఒత్తిడీ ఎక్కువ కాబట్టి అక్కడ మందం, మధ్యలో బరువు తగ్గించడానికి పల్చదనం. దీనికి ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ పేటెంట్ తీసుకున్నది 1897లో. అదే కంపెనీ 1935లో తెచ్చిన 531 గొట్టాలతో చేసిన సైకిళ్లు ఈరోజుకీ రోడ్ల మీద ఉన్నాయి. ఇక ఆ గొట్టాల్ని వేరే లోహం కరిగించి అతికించే బ్రేజింగ్ అయితే నాకు అన్నిటికన్నా ముచ్చటైన పని. ఉక్కు కరిగేది దాదాపు 1,500 డిగ్రీల దగ్గర. ఇత్తడి 900 డిగ్రీలకే కరిగి సందుల్లోకి పాకుతుంది, వెండి కలిపిన పూరకం ఇంకా తక్కువకే. గొట్టం కరగకుండానే అతుకు పడుతుంది. అంటే రేపు ఆ గొట్టం సొట్టపోతే అతుకుని వేడిచేసి ఊడదీసి, కొత్త గొట్టం పెట్టి, మళ్లీ రంగు వేయొచ్చు. వెనక చక్రం పట్టే చోట వెడల్పు చాలకపోతే, 126 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 130కి, చేత్తో జాగ్రత్తగా వంచి సాగదీయొచ్చు. అల్యూమినియంతో ఈ పని చేయమని తెలిసిన మెకానిక్ ఎవరూ చెప్పడు. మాటిమాటికీ పడే చిన్న ఒత్తిళ్లని ఒక హద్దు లోపల ఉన్నంతవరకు ఉక్కు ఎన్నాళ్లైనా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, అందుకే ఆ ఫ్రేముల్ని లావు గొట్టాలతో బిర్రుగా కడతారు.

బరువు సంగతేంటి అంటారు. నిజమే, మంచి ఉక్కు ఫ్రేమ్ రెండు కిలోల దగ్గర తూగితే కార్బన్‌ది ఒక కిలో. తుప్పు భయం కూడా ఉంది, గొట్టాల లోపల నూనె పూత వేయించుకోవాలి. వెడల్పు టైర్లు వేస్తే అల్యూమినియం సైకిలూ హాయిగానే ఉంటుంది, కార్బన్‌కీ మరమ్మతు చేసే నిపుణులున్నారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలు అనుకుంటే, గంటసేపు పట్టే ఎత్తు ఎక్కడంలో ఆ కిలో వల్ల పోయేది ఇంచుమించు 40 సెకన్లు. పోడియం ఎక్కేవాళ్లకి అది ప్రాణంతో సమానం. పైకెక్కాక ఆగి నీళ్లు తాగి చుట్టూ చూసేవాళ్లకి ఆ 40 సెకన్ల కోసం క్యారియర్‌నీ మడ్‌గార్డునీ వదులుకోవడం దేనికి?

అసలు రేసు ముందు నడుస్తుంది, మనం వెనక నడవాలి అనే నమ్మకమే చరిత్రకు విరుద్ధం. ఫ్రాన్స్‌లో వెలోసియో అన్న పేరుతో రాసిన పాల్ ద వీవీ, ఆయన చుట్టూ ఉన్న టూరింగ్ జనం, ఒకటికి మించి గేర్లు కావాలని ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ వాదిస్తూ, వాడి చూపిస్తూ వచ్చారు. టూర్ ద ఫ్రాన్స్ మాత్రం చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపి గేరు మార్చే డీరైలర్‌ని 1937 దాకా రానివ్వలేదు. టైర్లదీ అదే కథ. 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గాలి కొట్టించుకోవడమే వేగమని రేసు లోకం ఏళ్ల తరబడి నమ్మించింది. వెడల్పు టైరు గరుకు రోడ్డు మీద మనిషిని తక్కువ కుదుపుతుంది, అలా కుదుపులో వృథా అయ్యే శక్తి మిగులుతుంది అని దూరప్రయాణాల వాళ్లు చెప్తూనే ఉన్నారు. ఇప్పుడు ప్రొఫెషనల్ రేసర్లే 28, 30కి వచ్చారు. ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ 1891లో పందెంగా పుట్టింది, ఈరోజు దాదాపు 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తిచేసే ర్యాండొనీగా, అంటే గెలుపోటములు లేని దూరప్రయాణంగా బతికుంది. అలాంటి చోట సుఖం అంటే సోమరితనం అనుకోకూడదు. మూడో రోజు అరచేతులు తిమ్మిరెక్కని మనిషే ముగింపు దాకా వెళ్తాడు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. రేసు పేరుతో సైకిల్ మన చేతుల్లోంచి జారిపోతోంది. పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగుల భాగాన్ని బాటమ్ బ్రాకెట్ అంటారు. మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్ దశాబ్దాలు నిలిచిన కొలత, ఒక చిన్న సాధనం ఉంటే చాలు, ఎవరైనా మార్చుకోవచ్చు. 2000 నుంచి మరలు లేకుండా ఫ్రేమ్‌లోకి నొక్కి బిగించే రకాలు వచ్చాయి: బీబీ30, తర్వాత రకరకాల ప్రెస్‌ఫిట్‌లు, ఒక్కో కంపెనీదీ ఒక్కో కొలత. కిర్రుకిర్రు శబ్దాలతో జనం విసిగిపోయాక చాలా బ్రాండ్లు మళ్లీ మరలకే వచ్చాయి. ఆ మధ్యలో కొన్నవాళ్ల దగ్గర ఆ ఫ్రేములు అలాగే ఉన్నాయి. ఇప్పుడు బ్రేకు గొట్టాలు హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగ్ లోంచి పోతున్నాయి, చాలా మోడళ్లలో ఆ చిన్న బేరింగ్ మార్చాలంటే బ్రేకు గొట్టం విప్పి, ఆయిల్ మళ్లీ ఎక్కించి, గాలి తీయాలి. ఈ పద్ధతి సైకిల్‌తో మొదలవలేదు. బ్యాటరీ అతికించేసిన ఫోన్లు, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే తప్ప తెరుచుకోని ట్రాక్టర్లు, అన్నిచోట్లా డబ్బు మనది, తాళం చెవి వాళ్ల దగ్గర. 2024లో యూరోపియన్ యూనియన్ మరమ్మతు హక్కు కోసం చట్టమే తేవాల్సి వచ్చింది. వాషింగ్ మెషీన్లు, ఫోన్లు ఆ జాబితాలో ఉన్నాయి, మామూలు సైకిల్ లేదు. పానాలు పట్టుకుని కూర్చుంటే పూర్తిగా అర్థమయ్యే యంత్రానికి అలాంటి చట్టం అవసరమయ్యే రోజు రానివ్వకూడదు.

కాబట్టి కొనేవాళ్లు షాపులో ముందు బరువు అడగడం మానేయాలి. మడ్‌గార్డుతో కలిపి ఎంత టైరు పడుతుంది, బాటమ్ బ్రాకెట్‌కి మరలున్నాయా, సీటుని నిలబెట్టే సీట్‌పోస్ట్ ఎక్కడైనా దొరికే 27.2 మిల్లీమీటర్ల గుండ్రటిదేనా, కేబుల్ బయటినుంచి పోతోందా, హ్యాండిల్ బార్ సీటు ఎత్తుకి వస్తుందా అని అడగాలి. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పలేని సైకిల్ ఎంత తేలికైనా కొనకండి. చెప్పగలిగిన సైకిళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, చిన్న వర్క్‌షాపుల్లోనే కాదు, పెద్ద కంపెనీల కేటలాగుల చివరి పేజీల్లోనూ ఉన్నాయి. జనం అడిగితే అవి మొదటి పేజీకి వస్తాయి.