మేనమామల మంత్రం, తండ్రి మౌనం

మా అమ్మాయి ఈ ఏడాది తొమ్మిదో తరగతి. అమెరికా హైస్కూళ్లలో చాలాచోట్ల ఆ తరగతి పిల్లలకు ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఒడిస్సీ' పాఠంగా ఉంటుంది. ఒక ఆదివారం సాయంత్రం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పందొమ్మిదో సర్గ నాకు చదివి వినిపించింది. యుద్ధానికి వెళ్లిన ఇరవై ఏళ్ల తర్వాత బిచ్చగాడి వేషంలో సొంత ఇంటికి చేరాడు ఒడిస్సియస్. ఎవరో తెలియకుండానే ముసలి దాది యూరిక్లియా అతని కాళ్లు కడుగుతోంది. మోకాలి పైన పాత మచ్చ ఆమె చేతికి తగిలింది. ఇక కేక వేస్తుందని మనం ఊపిరి బిగబడతాం. హోమర్‌కు తొందర లేదు. ఆ మచ్చ ఎలా వచ్చిందో 70కి పైగా పంక్తుల్లో చెబుతాడు. మనవడికి పేరు పెట్టిన తాత ఆటోలికస్, పర్నాసస్ కొండ మీద వేట, ఎండా వానా చొరబడని పొదలో పడుకున్న అడవిపంది, కుర్రవాడి గాయానికి కట్టుకట్టి మంత్రం చదివి నెత్తురు ఆపిన మేనమామలు, అన్నీ వస్తాయి. అప్పుడు గాని దాది చేతిలోంచి కాలు జారదు. కంచు పాత్ర ఒరిగి నీళ్లు నేలపాలవుతాయి.

ఆ రాత్రే తెలుగు బైబిలు తీసి ఆదికాండంలో 22వ అధ్యాయం తనకు చదివాను. ఈ కథ మొత్తం 19 వచనాలే. లేక లేక పుట్టిన కొడుకు ఇస్సాకును బలి ఇమ్మంటాడు దేవుడు. అబ్రాహాము తెల్లవారుజామున లేచి, గాడిదకు గంత కట్టి, కట్టెలు చీల్చి బయలుదేరతాడు. మూడు రోజుల ప్రయాణం. దారి ఎలా ఉందో, తండ్రి మనసులో ఏముందో ఒక్క మాట లేదు. తల్లి శారా పేరు ఆ అధ్యాయంలో ఎక్కడా రాదు. శ్రీనాథుడి 'హరవిలాసం'లో, శివుడి కోసం తల్లిదండ్రులే చంపి వండిన సిరియాళుడి కథ తెలిసినవాళ్లకు ఈ తేడా వెంటనే తగులుతుంది. అక్కడ తల్లి ఉంది, ఆ ఘోరంలో ఆమె చేతులూ ఉన్నాయి.

మన తెలుగు సంఘంలో చాలామంది ఇళ్లలో ఈ రెండు పుస్తకాలూ ఒకే అరలో ఉండవు. హోమర్ సాహిత్యం, బైబిలు మతం. క్రైస్తవ కుటుంబాల్లో దాన్ని ప్రార్థన కోసం తెరుస్తారు. మిగతా ఇళ్లలో 'అది మనది కాదు' అని అసలు తెరవరు. ఈ అలవాటు వల్ల ఒక గొప్ప కథకుణ్ణి పోగొట్టుకుంటున్నామన్నది నా గట్టి నమ్మకం. వర్ణనలో పెరిగిన చెవి మనది. అష్టాదశ వర్ణనలు ఉంటేనే కావ్యమని విన్నాం. అందుకే హోమర్ మనకు సులువుగా దగ్గరవుతాడు, హీబ్రూ భాషలో పుట్టిన బైబిలు కథ బోసిగా కనిపిస్తుంది. అది బోసితనం కాదు.

ఒక్క మాట చూడండి. దేవుడు పిలిచినప్పుడు అబ్రాహాము హీబ్రూలో 'హిన్నేని' అంటాడు, 'ఇదిగో ఉన్నాను' అని. దారిలో కొడుకు 'నాన్నా' అని పిలుస్తాడు. దానికీ అదే జవాబు, 'హిన్నేని'. కత్తి ఎత్తాక, ఆపమనడానికి దేవదూత పిలిచినప్పుడు మూడోసారి అదే. అడిగిన దేవుడికీ, బలి కాబోయే బిడ్డకూ ఆ మనిషి ఒకే మాటతో పలుకుతున్నాడు. తెలుగు బైబిలులో దేవుడికి 'చిత్తము ప్రభువా', కొడుక్కి 'ఏమి నా కుమారుడా' అయ్యింది. మన మర్యాద భాషకు అది సహజమే, కాని కథకు గుండెకాయ లాంటి మాట రెండు ముక్కలైంది. 'ఇద్దరూ కలిసి నడిచారు' అన్న వాక్యం కొండ ఎక్కేటప్పుడు రెండుసార్లు వస్తుంది. తిరుగు ప్రయాణంలోనూ ఆ 'కలిసి' ఉంది, కాని అది పనివాళ్లతో. "మరి ఇస్సాకు ఏడీ?" అంది మా అమ్మాయి. వచనంలో లేడు. తర్వాతి అధ్యాయం శారా మరణంతో మొదలవుతుంది.

ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూపినవాడు ఎరిక్ ఔయర్‌బాఖ్. యూదుడైన ఈ జర్మన్ పండితుణ్ణి నాజీ పాలన 1935లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయం నుంచి తొలగించింది. ఇస్తాంబుల్‌లో తలదాచుకుని యుద్ధకాలంలో ఆయన రాసిన సాహిత్య విమర్శ గ్రంథం 'మైమెసిస్' 1946లో వెలువడింది. హోమర్ లోకంలో అన్నీ వెలుగులోనే ఉంటాయనీ, హీబ్రూ కథలో అసలు విషయం చీకట్లో ఉండి మనల్ని లోపలికి లాగుతుందనీ ఆయన వాదం. మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు తెరిపించింది. ఇప్పుడు మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను.

హోమర్‌దే మరో కావ్యం, ట్రాయ్ యుద్ధం గురించిన 'ఇలియడ్' చివరి సర్గ తీసుకోండి. కొడుకు హెక్టర్ శవం కోసం ముసలి రాజు ప్రియాం రాత్రివేళ అకిలీస్ గుడారానికి వచ్చి, తన బిడ్డల్ని చంపిన ఆ చేతుల్నే ముద్దు పెట్టుకుంటాడు. ఇద్దరూ ఏడుస్తారు. శవాన్ని ప్రియాం కంటపడకుండా పక్కకు తీసుకెళ్లి కడగమంటాడు అకిలీస్. చూస్తే ఆ తండ్రి దుఃఖం ఆపుకోలేడేమో, దానికి తనకు కోపం వచ్చి అతన్ని చంపేస్తాడేమోనని. తన చేతిని తానే నమ్మలేని మనిషి అతను. ఇక్కడ చీకటి లేదని ఎలా అనగలం?

అటు బైబిలులో రాజు దావీదును చూడండి. తిరగబడిన కొడుకు అబ్షాలోముతో యుద్ధం. నగర ద్వారం దగ్గర కూర్చున్న రాజు, వార్త తెచ్చిన ఇద్దరినీ గెలుపు సంగతి అడగడు. అబ్బాయి క్షేమమేనా అంటాడు. క్షేమానికి హీబ్రూలో 'షాలోమ్', కొడుకు పేరులో ఉన్నదీ అదే. చనిపోయాడని తెలిశాక ద్వారం పైగదికి ఎక్కుతూ ఏడుస్తాడు. ఆ ఒక్క వచనంలో 'బెనీ', అంటే 'నా కొడుకా', ఐదుసార్లు వస్తుంది. నీకు బదులు నేను చనిపోయి ఉంటే బాగుండేదంటాడు. కొండ దారిలో పెదవి విప్పని తండ్రిని చూపిన గ్రంథమే ఈ తండ్రి చేత గొంతు చించుకుని ఏడిపించింది.

ఈ రెండూ చెవి కోసం పుట్టినవే. ఏథెన్స్ ఉత్సవాల్లో హోమర్‌ను గాయకులు వినిపించేవారు. యూదుల కొత్త సంవత్సరం రెండో రోజున ప్రార్థనాలయాల్లో ఇస్సాకు కథను నేటికీ స్వరంతో చదువుతారు. హీబ్రూలో గ్రంథానికి ఉన్న 'మిక్రా' అన్న పేరే పైకి చదివేదని చెబుతుంది. అందుకే మన సంఘం సాహిత్య సమావేశంలో ఒక గంట వీటికి ఇవ్వమని కోరుతున్నాను. ఏది గొప్పదన్న చర్చ వద్దు, మత చర్చ అసలే వద్దు. నాలుగు ఘట్టాలు, నాలుగు గొంతులు చాలు. ప్రియాం భాగం మా అమ్మాయి చదువుతానంది. దావీదు మాటలు తెలుగులో చదవడానికి కాస్త వయసు మళ్లిన గొంతు కావాలి. చదవగలిగిన పెద్దలెవరైనా ఉంటే దయచేసి నాకు కబురు చేయండి.