అతిథి మర్యాద పేరిట మౌనమా?

పరాయి దేశంలో చదువుతున్న ఓ విద్యార్థి శనివారం పొద్దున నిరసన ప్రదర్శనకు బయల్దేరుతున్నాడనుకుందాం. అట్టముక్క మీద రాసిన నినాదం తడి ఇంకా ఆరలేదు. ముంజేతి మీద మార్కర్‌తో ఓ ఫోన్ నంబరు రాసుకున్నాడు. అది ఉచితంగా వాదించే న్యాయవాదులది. సెల్‌ఫోన్ పోలీసుల చేతికి పోతే నంబరు గుర్తుండొద్దూ? ముఖం చూపితే ఫోను తెరుచుకునే ఏర్పాటూ తీసేశాడు. పక్కగదిలోని స్థానిక విద్యార్థీ వెంట వస్తున్నాడు. పట్టుబడితే అతడు ఓ రాత్రి ఠాణాలో గడిపి సోమవారం క్లాసుకు వెళ్లిపోవచ్చు. ఇతడికి మాత్రం వీసా పోయి డిగ్రీయే చేజారవచ్చు. ఒకే వీధిలో ఒకే నినాదానికి ఇద్దరు చెల్లించే వెల ఇంత తేడాగా ఎందుకుండాలి?

చదువుకోడానికి వెళ్లినవాడికి రాజకీయాలెందుకన్న సుద్దులకు కొదవలేదు. 1919 ఫిబ్రవరి 8న, అదీ శనివారమే, టోక్యోలో చదువుతున్న కొరియా విద్యార్థులు తమ దేశ స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. తమను ఏలుతున్న దేశపు రాజధానిలోనే! పోలీసులు వచ్చి నాయకులను పట్టుకుపోయారు. సరిగ్గా మూడు వారాలకు, మార్చి 1న, కొరియాలో జనం వీధుల్లోకి వచ్చారు. భారత స్వాతంత్ర్యం కోసం 1913లో అమెరికా పశ్చిమ తీరంలో పుట్టిన గదర్ ఉద్యమంలో మిల్లు కూలీలు, రైతులతో పాటు విద్యార్థులూ ఉన్నారు. 19 ఏళ్లకే ఉరికంబమెక్కిన కర్తార్ సింగ్ సరాభా వారిలో ఒకడు. వీళ్లు అతిథి మర్యాద పాటించి ఉంటే ఏమయ్యేదో ఆ సుద్దులు చెప్పేవారే ఆలోచించుకోవాలి.

అమెరికాలో కాగితం మీద భరోసాకు లోటు లేదు. దేశంలో నివసిస్తున్న విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. బోస్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి 2025 సెప్టెంబరులో అదే మాట మరింత గట్టిగా చెప్పారు. కానీ ఆ తీర్పుకు ఆరు నెలల ముందు ఏం జరిగింది? టఫ్ట్స్ వర్సిటీలో పరిశోధన చేస్తున్న తుర్కియే విద్యార్థినిని మఫ్టీలో, ముసుగుల్లో వచ్చిన అధికారులు నడివీధిలో చుట్టుముట్టి తీసుకుపోయారు. మరో ముగ్గురితో కలిసి ఆమె క్యాంపస్ పత్రికలో ఓ వ్యాసం రాశారు. వెయ్యి మైళ్లకు పైగా దూరాన లూసియానాలో ఆరు వారాలు నిర్బంధించాక కోర్టు ఆదేశంతో గానీ విడిచిపెట్టలేదు. ఆ వసంతంలోనే వేలమంది విదేశీ విద్యార్థుల ‘సెవిస్’ రికార్డులు, అంటే వారి చదువు హోదాను ప్రభుత్వం నమోదు చేసే వివరాలు, చెప్పాపెట్టకుండా రద్దయ్యాయి. పాత ట్రాఫిక్ కేసులున్నవారికీ దెబ్బ తగిలింది. కోర్టులు వరుసగా అడ్డుకోవడంతో ఏప్రిల్ 25న సర్కారు వాటిని పునరుద్ధరించింది. జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నది.

చివరికి కోర్టులో గెలవొచ్చు. ఈలోగా సెమిస్టర్ గడిచిపోతుంది. అప్పు మీద వడ్డీ ఆగదు. ఒకరిని పట్టుకుంటే వందమంది గదుల్లోనే ఉండిపోతారు. ఈ లెక్క తెలియక చేస్తున్న పని కాదిది.

ప్రశాంతంగా నినాదమివ్వడం విదేశీ విద్యార్థికీ హక్కేనన్నది మా నిశ్చితాభిప్రాయం. అద్దాలు పగలగొట్టేవారిని వెనకేసుకురావాల్సిన పని లేదు. అయితే హక్కు ఉన్నంత మాత్రాన ముప్పు లేదని విద్యార్థి మురిసిపోరాదు. వీసా కోసం నింపే డీఎస్-160 పత్రం ఎన్నడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, కేసు కొట్టేశారా అన్నది ఆ తర్వాతి సంగతి. పోలీసులు చెదిరిపొమ్మని హెచ్చరించినప్పుడు అక్కడి నుంచి కదలడం పిరికితనమేమీ కాదు.

తప్పించుకు తిరుగుతున్నది విశ్వవిద్యాలయాలే. ప్రాస్పెక్టస్ అట్ట మీద విదేశీ విద్యార్థుల నవ్వు ముఖాలు అచ్చేస్తాయి. ఆపద వస్తే ‘న్యాయవాదిని సంప్రదించండి’ అని ఓ మెయిల్ పంపి చేతులు దులుపుకొంటాయి. అరెస్టయితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, న్యాయవాది ఖర్చు ఎవరు భరిస్తారు, వారెంటు లేకుండా తన వివరాలు ప్రభుత్వానికి ఇస్తారా ఇవ్వరా? చేరిన రోజే ఫీజు రసీదుతో పాటు ఈ జవాబులూ రాతపూర్వకంగా విద్యార్థి చేతికివ్వాలి.