నవ్వే పూచీ జడ్జిగారిది

రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు కూర్చుని నవ్వే పనిని తెలుగు కుటుంబాలు చాలాకాలం కిందటే మానేశాయి. బద్ధకం వల్ల కాదు, అవసరం లేక. ఆ పనికి టీవీలోనే మనుషులున్నారు. స్టేజీకి ఎదురుగా సింహాసనాల్లాంటి కుర్చీల్లో కూర్చున్న జడ్జిలు మన తరఫున నవ్వుతారు. బల్ల గుద్ది నవ్వుతారు, పక్కవాళ్ల మీదికి వాలి నవ్వుతారు, ఇక నా వల్ల కాదు బాబోయ్ అని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతారు. ఎడిటర్ ఆ నవ్వును ఒకసారి మామూలుగా, ఒకసారి స్లో మోషన్‌లో, మరోసారి డోలు మోతతో కలిపి చూపిస్తాడు. ఇంతమంది ఇంత కష్టపడ్డాక సోఫాలో ఉన్నవాడు కూడా నవ్వడం దండగ ఖర్చు. హాయిగా ఫోన్ చూసుకోవచ్చు.

ఈ ఏర్పాటును చిన్నచూపు చూసే మేధావులు మన ఊళ్లో కొందరున్నారు. రవీంద్రభారతి మెట్ల మీద నిలబడి "మన హాస్యం ఎటు పోతోందండీ" అని నిట్టూర్చి, ఇంటికెళ్లి యూట్యూబ్‌లో అవే స్కిట్లు చూస్తుంటారు. వాళ్ల కళ్లు తెరిపించడానికే ఈ వ్యాసం.

అరువు నవ్వు మనం కనిపెట్టింది కాదు. 1950ల్లో అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు రకరకాల నవ్వులను టేపుల మీదికి ఎక్కించి ఒక పెట్టెలో బిగించాడు. ఒక మీట నొక్కితే చిరునవ్వు, ఇంకోటి నొక్కితే ఇకఇకలు. ప్రేక్షకులు లేకుండా తీసిన కామెడీలకు కూడా ఆ పెట్టె ప్రేక్షకుల్ని తెచ్చిపెట్టేది. అయితే ఎంతైనా అది యంత్రం. దానివల్ల ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. హైదరాబాద్ ఆ పనిని మనుషుల చేతికిచ్చింది. కృష్ణానగర్‌లో, ఇందిరానగర్‌లో నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని సినిమా ఛాన్స్ కోసం ఎదురుచూసే కుర్రాళ్లు, కోఆర్డినేటర్ ఫోన్ చేస్తే ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని ఆడియన్స్‌గా వచ్చి కూర్చుంటారు. కెమెరా పక్కన ఎవరో చెయ్యి ఊపితే చప్పట్లు, మళ్లీ ఊపితే నవ్వులు. హీరో అవుదామని ఊరి నుంచి బస్సెక్కినవాడికి ఈ నగరం కనీసం నవ్వుకు కూలి ఇస్తోంది. ఇంతకన్నా గొప్ప ఉపాధి పథకం ఏ ప్రభుత్వం పెట్టిందో చెప్పమనండి.

ఇక కళ సంగతి. ఒకడు మైకు ముందు నిలబడి జోకులు చెప్పడం, ఆ తర్వాత కథను నటించి చూపించడం, ఈ రెండింటినీ కలపాలని అమెరికావాళ్లూ ప్రయత్నించారు. 1989లో మొదలైన 'సైన్‌ఫెల్డ్' తొలి సీజన్లలో హాస్యగాడు క్లబ్బులో నాలుగు మాటలు చెప్పేవాడు, తర్వాత అతని ఇంట్లో, అతని స్నేహితులతో కథ నడిచేది. జోకు జోకే, కథ కథే. రెండింటికీ మధ్య గోడ ఉండేది. మనవాళ్లు ఆ గోడ కొట్టేశారు. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' కామెడీ షో మొదలైన దగ్గర్నుంచి మన స్కిట్‌లో కథ మధ్యలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ స్థితిలోనైనా పంచ్ వేయొచ్చు. పాడె మీద పడుకున్న శవం లేచి ప్రాస పంచ్ వేసి మళ్లీ పడుకుంటుంది. పెళ్లికొడుకు తాళి కట్టబోతూ ఆగి, పక్కనున్న టీమ్ లీడర్ బట్టతల మీద కౌంటర్ వేస్తాడు. కోర్టు సీన్‌లో ముద్దాయి, లాయరు, బంట్రోతు వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు వేసేస్తారు. కేసు ఏమైందని ఎవరూ అడగరు. జడ్జి నవ్వుతున్నారు కాబట్టి తీర్పు వచ్చేసినట్టే. (ఆ జడ్జి వేరు, ఈ జడ్జి వేరు. చూసేవాళ్లు కంగారు పడతారేమోనని చెప్పాను.)

ఈ కలయిక మన రక్తంలోనే ఉందని కొందరు గర్వంగా చెబుతారు. నిజమే. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకి ఊరి సంగతులన్నీ ఏకరువు పెట్టేవాళ్లు. వాళ్లిద్దరి సంభాషణ ముందు ఇవాళ్టి డబుల్ మీనింగ్ పసిపిల్లల పద్యం, కాబట్టి బూతు విషయంలో టీవీని ఒక్కదాన్నే నిందించడం అన్యాయం. బుర్రకథ సంగతి ఇంకా చక్కనిది. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం చెబుతారు. వీరుడు కత్తి దూసి నిలబడిన చోట కథ ఆపి, ఒకడు నవ్వించి, ఒకడు ఊరి పెత్తందారు నుంచి సర్కారు దాకా అందరికీ చురకలంటించి, మళ్లీ తందాన తానా అని కథలోకి వెళ్లేవాళ్లు. షేక్ నాజర్ లాంటివాళ్లు దీన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారంటే 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు బుర్రకథకు ఇంకో గౌరవం కూడా దక్కింది. నిజాం ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

టీవీవాళ్లు ఈ ముగ్గుర్నీ పిలిచి ఇంటర్వ్యూ చేసినట్టున్నారు. కథకుడు టైమ్ ఎక్కువ తీసుకుంటాడని పంపేశారు. రాజకీయం చెప్పేవాడికి మేం తర్వాత ఫోన్ చేస్తామన్నారు. హాస్యం చెప్పేవాణ్ణి మాత్రం ఉంచుకుని, వాడికి మరో నలుగురు వాడి లాంటివాళ్లనే తోడిచ్చారు. దీనివల్ల ఒక మేలు జరిగింది. ఇవాళ్టి స్కిట్‌ను ఏ ప్రభుత్వమూ నిషేధించదు. ఏ ప్రభుత్వానికీ ఆ అవసరం రాదు.

రాజకీయం షోలోంచి పూర్తిగా పోయిందనుకుంటే మాత్రం పొరపాటే. స్టేజీ మీంచి దిగి జడ్జి కుర్చీలో కూర్చుంది. 2019 ఎన్నికల్లో 'జబర్దస్త్' జడ్జిల్లో ఒకరైన రోజా నగరిలో వైసీపీ ఎమ్మెల్యేగా గెలిచారు, ఇంకో జడ్జి నాగబాబు నరసాపురంలో జనసేన ఎంపీ అభ్యర్థిగా ఓడిపోయారు. ఎన్నికల వేదికల మీద ఆ రెండు పార్టీలు ఒకదాన్నొకటి ఏమనుకున్నాయో అందరికీ తెలుసు. అయినా ఆ ఏడాది నాగబాబు షో వదిలి వెళ్లేదాకా ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే పంచ్‌కు, ఒకే క్షణంలో, ఒకే శ్రుతిలో నవ్వారు. అసెంబ్లీలో, పార్లమెంటులో ఏ బిల్లు మీదా సాధ్యం కాని ఏకాభిప్రాయం భార్య వంట మీద వేసిన పంచ్‌కు సాధ్యమైంది. 2022లో రోజా మంత్రి అయ్యి షోకు వీడ్కోలు చెప్పినప్పుడు రాష్ట్రానికి ఒక మంత్రి దొరికారని కొందరు సంతోషించారు. ఒక నవ్వు ఖాళీ అయిందని నాలాంటివాళ్లు బాధపడ్డాం.

భార్య వంట అన్నాను కాబట్టి అక్కడికే వద్దాం. అసలు సరుకంతా అక్కడే ఉంది.

మగవాళ్లు ఆడవేషం వేయడం మనకు కొత్త కాదు. స్థానం నరసింహారావు ఆడపాత్రలతోనే నాటకరంగాన్ని ఏలారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ ముందుకు వేసుకుని నిలబడితే ఆడవాళ్లే ఆయన నడక చూసి నేర్చుకోవాలనిపించేది. వాళ్ల తపనంతా చూసేవాళ్లు మగవాణ్ణి మరిచిపోవాలని. మన లేడీ గెటప్ లక్ష్యం వేరు. చీర కట్టినా, పూలు పెట్టినా వీడు మగాడని ఎవరూ ఒక్క క్షణం కూడా మరిచిపోకూడదు. ఎందుకంటే కాసేపట్లో ఆ పాత్రను తన్నాలి. నిజమైన ఆడమనిషిని స్టేజీ మీద జుట్టు పట్టి ఈడిస్తే మహిళా సంఘాలు వస్తాయి, నోటీసులు వస్తాయి. చీర కట్టిన మగవాణ్ణి ఈడిస్తే మార్కులు వస్తాయి. ఆ పాత్ర పేరు మాత్రం భార్యే. గృహహింసను ఇంత ఆరోగ్యకరమైన పద్ధతిలో ఇంటిల్లిపాదీ చూసే వీలు కల్పించినందుకు ఆ ఏర్పాటు చేసినవాళ్లకు కూడా ఏదో ఒక పద్మ పురస్కారం ఆలోచించాలి.

ఎప్పుడూ భార్యే ఎందుకు, ఇంకేమీ దొరకదా అని అడిగేవాళ్లకు స్కిట్ రైటర్ కష్టం తెలియదు. ఒక కులం పేరెత్తితే ఆ కుల సంఘం వస్తుంది. దేవుడి పేరెత్తితే కేసు వస్తుంది. నాయకుడి పేరెత్తితే ఫోన్ వస్తుంది. హీరో పేరెత్తితే అభిమానులు వస్తారు, వాళ్లు ఫోన్ చేసి రారు. 2022 ఆగస్టులో శిల్పకళా వేదికలో మునావర్ ఫారూఖీ అనే స్టాండప్ కమెడియన్ ఒక్కడు మైకు పట్టుకుని మాట్లాడటానికి బయట భారీగా పోలీసుల్ని మోహరించాల్సి వచ్చింది. మన స్కిట్లకు స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ చాలు. తీసేసినవన్నీ తీసేశాక ఈ రాష్ట్రంలో సంఘం లేనివాళ్లు ఎవరు మిగిలారు? భార్యలు, అత్తలు, నల్లగా ఉన్నవాళ్లు, పొట్టిగా ఉన్నవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు. వాళ్లు రిజిస్టర్ చేయించుకునేదాకా మన కామెడీకి ఢోకా లేదు.

అందుకే హైదరాబాద్‌లో తయారయ్యే ఈ హాస్యంలో హైదరాబాద్ ఉండదు. సెట్‌లో ఒక సోఫా, వెనక ఒక తలుపు, దానికి పూల కర్టెన్. ఆ తలుపు అవతల ఏ ఊరుందో ఎవరికీ తెలియదు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరిగే యుద్ధాలు ఆ తలుపు దాటి లోపలికి రావు. 'ఎక్కడికి' అని అడిగి, చెప్పగానే రైడ్ క్యాన్సిల్ చేసే క్యాబ్ డ్రైవర్ రాడు. చెరువులో ప్లాటు కొని, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయని మురిసిపోయేవాడు రాడు. వాళ్ల గురించి వినాలంటే వారాంతం హైటెక్ సిటీ వైపు వెళ్లి, టికెట్ కొని, పబ్బులో కూర్చోవాలి. అక్కడ ఒక కుర్రాడు సగం ఇంగ్లీషులో, సగం దక్కనీలో తన అపార్ట్‌మెంట్ గురించి చెబుతాడు. అక్కడ నవ్వు మనమే నవ్వుకోవాలి, పైగా మంచినీళ్ల సీసాకు విడిగా బిల్లు. ఏది మధ్యతరగతికి అందుబాటులో ఉందో మీరే తేల్చుకోండి.

ప్రోమోల గురించి ఎక్కువ చెప్పను. జడ్జి కోపంగా లేచి వెళ్లిపోతారు, యాంకర్ ఏడుస్తుంది, వేణువు వినిపిస్తుంది. ఎపిసోడ్ చూస్తే అంతా ప్రాంక్. వార్తా ఛానళ్లు ఇదే పని రోజంతా చేస్తున్నాయి, వీళ్లు ఒక్క నిమిషంలో ముగిస్తారు. అంతే తేడా.

కృష్ణానగర్‌లో స్కిట్లు రాసే కుర్రాడొకడు నాకు తెలుసు. వానాకాలంలో వాడికి ఒక మంచి ఆలోచన వచ్చింది. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నడుంలోతు నీళ్లు. అందులో ఆగిపోయిన కారు. కారు టాపు మీద కూర్చున్న ఓనరు, గట్టు మీంచి హామీలిచ్చే కార్పొరేటరు, ఈ గొడవేమీ పట్టనట్టు అదే నీళ్లలో గాలం వేసిన ఒక ముసలాయన. టీమ్ లీడర్ చదివి పడీ పడీ నవ్వాడట. నిజంగానే, కెమెరా కూడా లేదు.

"అదిరింది తమ్ముడూ. కానీ ఇందులో పెళ్లాం ఏదిరా?" అన్నాడట.

రెండు రోజులు కూర్చుని సరిచేశారు. కార్పొరేటరు బావమరిది అయ్యాడు. బ్రిడ్జి బాత్రూమ్ అయింది. ముసలాయనకు చీర కట్టారు. కారు సెట్‌లో పట్టదని తీసేశారు. నీళ్లు మాత్రం ఉంచారు, బకెట్లో. ఆ బకెట్ మొగుడి నెత్తి మీద బోర్లించినప్పుడు జడ్జిగారు కుర్చీలోంచి జారిపోయారు. ఆ షాట్ వరసగా నాలుగుసార్లు వేశారు, వాడి పేమెంట్ కూడా కాస్త పెంచారు.

మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఏదైనా కాన్సెప్ట్ ఉంటే చెప్పవా?"

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో సాయంత్రం రద్దీ గురించి, లైన్ మారడానికి జనం పడే తోపులాట గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. మధ్యలోనే ఆపాడు.

"సూపర్ అన్నా. పెళ్లాన్ని నేను పెట్టుకుంటాలే."