అచ్చుకు ముందు ఎవరు చదివారు?

తెలుగులో తొలి నవలగా చాలామంది చెప్పుకునే ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. నవల రాసింది కందుకూరి వీరేశలింగం. పత్రిక నడిపిందీ ఆయనే. సొంత డబ్బుతో తొలి నవల వేసుకుని, ఆ మాట చెప్పడానికి మొహమాటపడే కొత్త రచయితలకు ఈ సంగతి గుర్తు చేస్తుంటాను. మన నవల పుట్టిందే సొంత ప్రచురణగా. అందులో చిన్నతనం ఏమీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది: ఇవాళ చాలా తొలి నవలలు, రాసిన మనిషి తప్ప ఇంకెవరూ శ్రద్ధగా చదవకుండానే ప్రెస్సుకు వెళ్లిపోతున్నాయి.

ఒకప్పుడు అలా జరిగేది కాదు. పోటీ అయితే న్యాయనిర్ణేతలు చదివేవారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) పెట్టిన నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతి పంచుకున్న కథ సాహిత్యం చదివేవాళ్లకు తెలిసిందే. ఆ తర్వాతి దశాబ్దాల్లో వారపత్రికలు వచ్చాయి. సీరియల్ అంటే ఆఫీసులో ఎవరో ఒకరు చదివి, సాగదీసిన చోట కత్తెర వేసి, వారం వారం బయటికి వదిలేవారు. బొమ్మ వేసే ఆర్టిస్టూ చదివేవాడు. పాఠకుల ఉత్తరాలు వచ్చేవి. పుస్తకంగా వేసే ప్రచురణకర్త చేతికి అందేసరికి ఆ నవల అప్పటికే వేలమంది కళ్ల ముందు నిలబడి ఉండేది. సీరియల్ వల్ల మంచి నవలలే వచ్చాయని అనను. వారం చివర మలుపు కోసం కథ మెడ విరిచినవీ బోలెడున్నాయి. కానీ ఆ వడపోత అంటూ ఒకటి ఉండేది.

నెలకో నవల ఇచ్చిన ‘చతుర’, దాని తోడు కథల మాసపత్రిక ‘విపుల’, ‘నవ్య’ వారపత్రిక కరోనా కాలంలో అచ్చు ఆపేశాయి. పోటీలు ఇప్పటికీ ఉన్నాయి. 2019లో అమెరికా తెలుగువారి సంఘం తానా పెట్టిన నవలల పోటీలో రెండు లక్షల బహుమతి గెలిచిన ‘కొండపొలం’ 2021లో సినిమా కూడా అయింది. కానీ బహుమతి ఒకరికే కదా, మిగిలిన రాతప్రతులు వెనక్కి వస్తాయి. ఎందుకు వెనక్కి వచ్చిందో ఎవరూ రాసి పంపరు.

అప్పుడు మొదలవుతుంది అసలు ప్రయాణం. ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో టైప్ చేసిన నవలను డీటీపీ చేసేవారు, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చేవారు, చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు తప్పుతాయి. వాటిని పట్టుకోవడానికి రెండుసార్లు ప్రూఫులు చూస్తారు. దాన్నే మనం ఎడిటింగ్ అనుకుంటున్నాం. ప్రూఫులు చూసేవారి పని అక్షరం చూడటం. ఏడో అధ్యాయంలో పోయిన తాత పదకొండో అధ్యాయంలో పొలానికి బయల్దేరితే, ‘పొలానికి’లో అచ్చుతప్పు లేకపోతే చాలు, ఆయన వెళ్లిపోతాడు. ఇక ముందుమాట కోసం పెద్ద రచయితకు ఫైలు పంపేది అచ్చుకు ఇరవై రోజుల ముందు. ఆయన మాత్రం ఏం చేస్తారు, ఆశీర్వదిస్తారు.

దీనికి తోడు డిసెంబరు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి, ఆ వెంటనే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం ఉండాలి. స్టాల్ దగ్గర నిలబడి కొత్త రచయిత నేరుగా అమ్ముకోగలిగే రోజులు ఏడాదిలో అవే. షాపుల్లో ఇస్తే కమిషన్ పోగా, అమ్ముడయ్యాకే డబ్బులు. అవీ ఎన్నిసార్లు ఫోన్ చేస్తే వస్తాయో చెప్పలేం. అందుకని అక్టోబరులో ముగించిన నవల డిసెంబరులో బల్ల మీదికి వస్తోంది. మూడేళ్లు రాసినదాన్ని మూడు వారాలు కూడా పక్కన పెట్టి మళ్లీ చూసుకునే ఓపిక ఉండదు.

డబ్బు సంగతీ చూద్దాం. ఆఫ్‌సెట్‌లో వంద కాపీలకైనా వెయ్యికైనా అచ్చు ప్లేట్ల ఖర్చు ఒకటే, అందుకే ‘వెయ్యి వేద్దాం’ అనే అలవాటు పడింది. వాటిలో సగం మంచం కింద ఉన్న ఇళ్లు నాకు కొన్ని తెలుసు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలే వేయించుకోవచ్చు. కాపీకి ఖర్చు ఎక్కువ పడుతుంది, కానీ మొత్తంగా చేతిలో డబ్బు మిగులుతుంది. ఆ మిగిలినది ఒక మంచి చదువరికి ఫీజుగా ఇవ్వమంటాను. డెమ్మీ అనే పుస్తకం సైజులో ఫారానికి, అంటే మడిచిన ఒక అచ్చు కాగితానికి, 16 పేజీలు. 240 పేజీల నవలకు 15 ఫారాలు. ఆ చదువరి రెండు ఫారాలు కోయించగలిగితే ఆయన ఫీజులో కొంత అక్కడే తిరిగి వచ్చేసినట్టు.

ఐఎస్‌బీఎన్‌ (పుస్తకాల అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య)కి విడిగా డబ్బులడిగితే ఇవ్వక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయిత సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రచురణకర్త వేస్తానంటే మాత్రం నోటిమాట మీద సరిపెట్టుకోకండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా లెక్క. సినిమా హక్కులు ఎవరివో విడిగా రాయించుకోవాలి. మన నవలకు అంత సీన్ లేదని నవ్వేస్తారు గానీ, ‘కొండపొలం’ సంగతి పైన చెప్పాను కదా.

ప్రతిలిపి లాంటి యాప్‌లు సీరియల్‌ని మళ్లీ తెచ్చాయి, నిజమే. కానీ అక్కడి కామెంట్లలో ఎక్కువగా కనిపించేది ‘నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?’ అనే ప్రశ్న. రాసేవాడికి ఉత్సాహం వస్తుంది, రాత బాగుపడుతుందా అంటే అనుమానమే.

మా మిత్రుడొకరు నిరుడు తన తొలి నవల ప్రెస్సుకిచ్చే ముందు, ఊరికే ఒక అధ్యాయం వాళ్లమ్మకు చదివి వినిపించాడు. కృష్ణా డెల్టా పల్లె కథ అది. రెండో పేజీలోనే ఆవిడ ఆపేసింది.

“కార్తీకంలో ఊడ్పులేంట్రా? అప్పటికి చేలు కోతకొస్తుంటేను!”

ఆ ఊడ్పుల మీదే హీరో హీరోయిన్ల తొలి పరిచయం నడుస్తోంది. నెల మారిస్తే వాన రావాలి, వానొస్తే తర్వాతి సీన్‌లో తిరణాల కుదరదు. ఆ డిసెంబరుకి పుస్తకం రాలేదు. మొన్న ఫోన్ చేస్తే పద్నాలుగో అధ్యాయంలో ఉన్నానన్నాడు.