షిర్లీ చిషోమ్: ఓట్ల లెక్క తెలిసిన నాయకురాలు

అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ, 1972లో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన మహిళ. షిర్లీ చిషోమ్ గురించి ఈ రెండు ముక్కలు చెప్పి, పటానికి దండ వేసి ఊరుకోవడం అలవాటైపోయింది. ఆమెను ధైర్యానికి గుర్తుగా చూపేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరి ఓటు ఎక్కడుందో, దాన్ని దేనికి మార్చుకోవచ్చో తెలిసిన రాజకీయవేత్తగా ఆమెను చదివినవాళ్లు తక్కువ.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1924లో పుట్టిన చిషోమ్ బాల్యం కొంతకాలం బార్బడోస్‌లో అమ్మమ్మ దగ్గర గడిచింది. తల్లి కుట్టుపని చేసేది, ఇళ్లలో పనికీ వెళ్లేది. చిషోమ్ శిశు విద్యలో చదువుకుని, పిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపారు. రాజకీయ పాఠాలు నేర్చుకున్నది మాత్రం వార్డు స్థాయి డెమోక్రటిక్ క్లబ్బుల్లో. అక్కడ టికెట్లు అమ్మి నిధులు తెచ్చేది ఆడవాళ్లు, వాటిని ఎలా ఖర్చుపెట్టాలో తేల్చేది మగవాళ్లు. ఆ తీరును నిలదీస్తూ ఎదిగిన ఆమె 1964లో రాష్ట్ర అసెంబ్లీకి గెలిచారు. పేద విద్యార్థులను కళాశాలలకు చేర్చే పథకానికీ, ఇళ్లలో పనిచేసేవారికి నిరుద్యోగ భృతికీ అక్కడ పట్టుబట్టారు.

1968లో కాంగ్రెస్‌కు గెలుపు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ ప్రాంతంలోని నల్లజాతి జనాన్ని అంతకుముందు వేర్వేరు నియోజకవర్గాల్లోకి ముక్కలు చేసి పంచారు. కోర్టు ఆదేశంతో సరిహద్దులు మళ్లీ గీయగా, ఆ ముక్కలు 12వ నియోజకవర్గంగా ఒక్కచోటికి వచ్చాయి. ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, పార్టీ పెద్దల మద్దతు విలియం థాంప్సన్‌కు ఉన్నా, చిషోమ్ స్వల్ప తేడాతో బయటపడ్డారు. ఆ తర్వాత అసలు ఎన్నికలో ఎదురైంది పౌరహక్కుల ఉద్యమంలో దేశమంతా పేరున్న జేమ్స్ ఫార్మర్. వాషింగ్టన్‌కు మగవాడి గొంతు వెళ్లాలన్నది ఆయన ప్రచార ధోరణి. నియోజకవర్గ ఓటర్ల జాబితాలో మహిళలే బాగా ఎక్కువని చిషోమ్‌కు తెలుసు. మహిళా సంఘాల ద్వారా ఇంటింటికీ చేరారు, ప్యూర్టో రికో కుటుంబాలతో స్పానిష్‌లో మాట్లాడారు. ప్రచారం మధ్యలో శస్త్రచికిత్స జరిగినా ఆగలేదు. చివరికి ఆయనకంటే రెట్టింపుకు మించి ఓట్లు తెచ్చుకున్నారు.

ప్రతినిధుల సభలో అడుగుపెట్టగానే నగర ప్రతినిధి అయిన ఆమెను వ్యవసాయ కమిటీలో వేశారు. కొత్త సభ్యులు నోరెత్తకూడదన్నది అక్కడి ఆనవాయితీ. ఆమె లేచి ఎదురు చెప్పారు, మాజీ సైనికుల సంక్షేమ కమిటీకి మార్పించుకున్నారు. తన నియోజకవర్గంలో చెట్లకంటే మాజీ సైనికులే ఎక్కువ అన్నారు. 1971లో సభలో మెజారిటీ నాయకుడి ఎన్నిక వచ్చినప్పుడు లూసియానాకు చెందిన హేల్ బాగ్స్‌కు ఓటేశారు. ఆమె కోరుకున్న విద్య, కార్మిక కమిటీలో చోటు దానికి ప్రతిఫలంగా దక్కింది. అమ్ముడుపోను, ఎవరికీ తలవంచను అన్న ఆమె ఎన్నికల నినాదానికి ఇది పొసగదని విమర్శించవచ్చు. కానీ ఇళ్లలో పనిచేసేవారి వేతనాల బిల్లు తయారయ్యేది ఆ కమిటీలోనే. ఆ బేరం తప్పని నేను అనుకోను.

ఇక 1972. అప్పటికి పార్టీ నియమాలు మారి డెలిగేట్లలో, అంటే పార్టీ మహాసభలో ఓటేసి అధ్యక్ష అభ్యర్థిని తేల్చే ప్రతినిధుల్లో, మహిళలకు, యువతకు, నల్లజాతివారికి చోటు పెరిగింది. చిషోమ్ వ్యూహం తేలికగానే అర్థమవుతుంది: ఎవరికీ మెజారిటీ రాకపోతే తన చేతిలోని డెలిగేట్లతో బేరమాడి, ఉపాధ్యక్ష స్థానం నుంచి కేబినెట్ వరకు నల్లజాతివారికి, మహిళలకు, ఆదివాసులకు పదవులు సాధించాలి. అది పారాలంటే మొదటి విడత ఓటింగ్‌లో ఎవరూ తేలకూడదు. గెలవడానికి కావలసినవి 1,509 ఓట్లు. కాలిఫోర్నియా నియమం ప్రకారం అక్కడ మొదటి స్థానంలో నిలిచినవారికే మొత్తం 271 డెలిగేట్లు. వాటిని ఆమె ప్రత్యర్థి, సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్ దక్కించుకుని, ఆ నియమంపై మహాసభలో వచ్చిన సవాలునూ నెగ్గడంతో బేరానికి తావే లేకుండా పోయింది.

లోపాలు ప్రచారంలోనూ ఉన్నాయి. చేతిలో ఉన్నది సుమారు 3 లక్షల డాలర్లు. నల్లజాతి నాయకులు చాలామంది గెలిచే గుర్రం అనుకున్న మెక్‌గవర్న్ వైపో, పాత స్నేహితుడైన మాజీ ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ వైపో మొగ్గారు. తమలో ఒకరు పోటీ చేయాలంటే అది మగవాడే కావాలన్న భావన కొందరిది. ప్రముఖ మహిళా ఉద్యమకారుల్లో కొందరు ఒక కాలు ఇటు, ఒక కాలు మెక్‌గవర్న్ శిబిరంలో పెట్టారు. న్యూజెర్సీలో అభ్యర్థుల ఎంపిక ఓటులో ఆమె మూడింట రెండు వంతులు గెలిచారు, అయితే మెక్‌గవర్న్, హంఫ్రీ ఆ బ్యాలెట్‌లో లేరు, డెలిగేట్ల ఎన్నిక వేరుగా జరిగింది. గెలిచినా చేతికి వచ్చింది శూన్యం. టీవీ చర్చల్లోంచి తనను తప్పిస్తే కోర్టుకెక్కి అరగంట ప్రసార సమయం సాధించడం మాత్రం నిఖార్సయిన విజయం. మహాసభలో ఆమెకు 152 ఓట్లు పడ్డాయని గొప్పగా చెబుతారు. హంఫ్రీ తన నల్లజాతి డెలిగేట్లను ఆమెకు ఓటేసుకోమని వదిలేయడం వల్ల ఆ అంకె పెరిగిందన్నది కూడా కలిపి చెప్పాలి.

ఆ ఏడాది మే 15న వర్ణవివక్షకు పేరుమోసిన అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్‌పై కాల్పులు జరిగాయి. ఆసుపత్రికి వెళ్లి ఆయన్ను పరామర్శించినందుకు చిషోమ్ సొంత మద్దతుదారులే మండిపడ్డారు. రెండేళ్లకు కనీస వేతన చట్ట సవరణ సభ ముందుకు వచ్చింది. 1938 నాటి ఆ చట్టం ఇళ్లలో పనిచేసేవారిని బయటే వదిలేసింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని ప్రభావితం చేసే పనులకే కేంద్ర చట్టం వర్తిస్తుందన్న అడ్డంకి దాటడానికి, ఇంటిపని కూడా వాణిజ్యాన్ని ప్రభావితం చేస్తుందని చట్టంలోనే రాశారు. దక్షిణాది సభ్యుల ఓట్ల కోసం వాలెస్ సాయపడ్డారని చిషోమ్ తర్వాత చెప్పారు. 1973లో అధ్యక్షుడు నిక్సన్ వీటో చేసిన ప్రతిపాదన 1974లో చట్టమైంది.

అందులోనూ ఒక కన్నం మిగిలింది. అప్పుడప్పుడు పిల్లల్ని చూసుకునేవారికీ, వృద్ధులకు తోడుగా ఉండేవారికీ మినహాయింపు ఇచ్చారు. 1975 నాటి నిబంధనలు ఆ మినహాయింపును ఏజెన్సీల ద్వారా పనిచేసే సంరక్షకులకూ వర్తింపజేశాయి. 2007లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఒబామా ప్రభుత్వం 2013లో మార్చిన నియమం 2015లో గానీ అమల్లోకి రాలేదు. చిషోమ్ అప్పటికి మరణించి పదేళ్లయింది. 2025 జులైలో అమెరికా కార్మిక శాఖ పాత నిబంధనలకే తిరిగి వెళ్దామని ప్రతిపాదించింది.